చేపలు లేని తొట్టి



వేసవి సెలవులు వచ్చాయి. పిల్లలున్న ఇళ్లలోకి అక్వేరియంలు వచ్చే కాలం ఇది. పట్నానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక గాజు తొట్టి, ఒక రాళ్ల సంచి, చిన్న గాలి మోటారు, ప్లాస్టిక్ మొక్కలు, నీళ్ల కవరులో పది రంగు చేపలు, అన్నీ ఒకేసారి దించుకుంటారు. చిక్కంతా ఆ "ఒకేసారి"లోనే ఉంది. తొట్టి ఈ రోజు వస్తే చేపలు నెల తరవాత రావాలి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈసారి ఇంత పొడుగు రాస్తున్నాము. ఓపిగ్గా చదవండి. ఆదికాండంలో చేపలు వచ్చేది ఐదో రోజున, నీళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. దుకాణాలవాళ్లు మాత్రం మొదటి రోజునే వదిలించేస్తున్నారు.

మేము ఈ సంగతిలోకి దిగింది సరదాకి కాదు. కిందటి ఆగస్టులో మా సంఘంలో ఒక ఇంట్లో ఐదు రోజుల్లో పది గోల్డ్‌ఫిష్‌లు చచ్చిపోయాయి. ఆ ఇంట్లో ఉండేది తొమ్మిదేళ్ల పిల్లవాడు, వాడి అమ్మమ్మ. తల్లి మూడేళ్ల కింద పోయింది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. పుట్టినరోజుకి కొడుకు ఏం కావాలంటే అది కొనమని డబ్బు పంపాడు, వాడు చేపలు అడిగాడు. మేనమామ తీసుకెళ్లి అన్నీ కొనిచ్చి, ఆ సాయంత్రమే నీళ్లు పోసి, ఆ సాయంత్రమే చేపల్ని వదిలి తన ఊరు వెళ్లిపోయాడు.

మూడో రోజుకి నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా అయ్యాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. అమ్మమ్మ తొట్టి మురికయిందనుకుని అంతా ఒలకబోసి, రాళ్లను సబ్బుతో తోమి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా పిండి, మళ్లీ నింపింది. ఎవరైనా చేసే పనే అది. ఐదో రోజు పొద్దున్నకి ఒక్కటీ మిగల్లేదు. అప్పుడు ఆ వీధిలో ఒకావిడ అన్న మాట పిల్లవాడి చెవిన పడింది: "ఆ ఇంట్లో ఏదీ నిలవదు."

అన్నావిడకి చెడ్డ బుద్ధి ఉందని మేము అనుకోము. నోటికొచ్చినట్టు అనేశారు. కానీ తల్లి లేని పిల్లవాడు ఆ మాటని ఎక్కడ పెట్టుకుంటాడో మీకు తెలుసు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా చెప్పుల దగ్గర నిలబడి అడిగాడు: "అయ్యగారూ, నా చేయి మంచిది కాదా? మేతేసింది నేనే."

"అలా ఏం కాదు నాన్నా" అనొచ్చు. అందరూ అప్పటికే అన్నారు వాడితో. అందుకని మేము ఆ మాట అనలేదు. "తొట్టిలో నీళ్లు ఇంకా ఉన్నాయా, పారబోశారా?" అని అడిగాము. ఉన్నాయన్నాడు. "రేపు ఒక సీసా నిండా పట్టుకురా" అన్నాము.

మా ప్రాంతం తెలిసినవాళ్లకి ఆ తరవాత ఎక్కడికి వెళ్లామో చెప్పక్కర్లేదు. ఉప్పుటేరుకి అటూ ఇటూ ఎక్కడ చూసినా రొయ్యల చెరువులే, చేపల చెరువులే. ఆకివీడు, భీమవరం, కైకలూరు, ఎటు వెళ్లినా మందుల షాపులంత మామూలుగా ఆక్వా ల్యాబులు. పొద్దున్నే రైతులు బైకుల మీద సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకుని వరసలో నిలబడతారు. మా సంఘ పెద్దల్లో ఒకాయనకి నాలుగెకరాల వనామీ చెరువుంది. ఆయనతో పాటు పిల్లవాడిని కూడా తన సీసాతో ఆ వరసలో నిలబెట్టాము. ల్యాబు కుర్రాడు ఏమీ అడక్కుండా, అందరి నీళ్లూ చూసినట్టే వాడి నీళ్లూ చూసి కాగితం చేతికిచ్చాడు. పీహెచ్ 8.2. అమోనియా 4 పీపీఎం పైన.

రొయ్యల రైతు ఆ కాగితం చూసి పిల్లవాడితో పెద్దవాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఇదేం నీళ్లురా బాబూ, ఇందులో నా రొయ్య కూడా బతకదు" అన్నాడు. ఆ తరవాత మా వైపు తిరిగి, "అయినా నీళ్లు పెట్టిన రోజే పిల్ల వదులుతామా అయ్యగారూ? చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి, తవుడూ బెల్లం పులియబెట్టి పోసి, నీళ్లకి రంగు వచ్చాక కదా సీడ్ దించేది!" అన్నాడు. చుట్టూ ఇన్ని వేల ఎకరాల్లో ప్రతి రైతుకీ తెలిసిన సంగతి ఇది. గాజు తొట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది చెరువని ఎవరికీ తట్టదు. బొమ్మ అనుకుంటాం.

ఇక అసలు విషయానికి వద్దాము. చేప తిన్న తిండిలోని మాంసకృత్తులు ఒంట్లో అరిగినప్పుడు అమోనియా పుడుతుంది. మనకైతే అది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. చేప దాన్ని ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్లలోకి వదిలేస్తుంది. మిగిలిన మేత, మలం కుళ్లినా వచ్చేది అమోనియాయే. ఏట్లో అయితే కొట్టుకుపోతుంది, నాచు పీల్చుకుంటుంది. నాలుగు గాజు పలకల మధ్య ఎక్కడికి పోతుంది? తను వదిలినదానిలోనే చేప ఊపిరి తీసుకోవాలి. మొప్పలు కాలిపోయినట్టవుతాయి. అందుకే పైకి వచ్చి నోరు తెరుస్తుంది. పీహెచ్ ఎంత ఎక్కువైతే ఆ విషం అంత పదునెక్కుతుంది. అదే మోతాదు అమోనియా పీహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర దాదాపు పది రెట్లు విషంగా పనిచేస్తుంది. మా నీళ్లు 8.2 అని చెప్పాము కదా.

ఈ అమోనియాని తినే జీవులున్నాయి. కంటికి కనబడని బ్యాక్టీరియా. ఒక రకం అమోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైటూ విషమే. అది చేప రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువుని మోయలేక చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. రెండో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత పేరుకున్నా చేపలు ఓర్చుకుంటాయి, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే పోతుంది, మొక్కలు ఉంటే తీసుకుంటాయి. పొలంలో యూరియా చల్లితే మన్నులో జరిగేది కూడా చాలావరకు ఇదే పని.

ఈ జీవుల్ని విడదీసి పెంచడానికి పూర్వం శాస్త్రజ్ఞులు చాలా తిప్పలు పడ్డారు. మామూలు సూక్ష్మజీవులకి పెట్టినట్టు పోషకాలు కలిపిన జెలటిన్ మీద పెడితే ఇవి పెరగలేదు. 1890 ప్రాంతంలో జూరిచ్‌లో పనిచేస్తున్న రష్యా శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ వాటికి తిండి పెట్టడం మానేసి, సిలికా జెల్ మీద ఉత్త లవణాలతో పెంచి చూపించాడు. వాటికి మన తిండి అక్కర్లేదు. అమోనియా నుంచి శక్తి, నీళ్లలో కరిగిన బొగ్గుపులుసు వాయువు నుంచి ఒళ్లు. అంత పేద బతుకు గనకే పెరుగుదల బహు నిదానం. మామూలు బ్యాక్టీరియా అనుకూలమైన చోట 20 నిమిషాలకి ఒకటి రెండవుతుంది. వీటికి అదే పని చేయడానికి చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజు పైగా పడుతుంది. అందుకే వారాలు పడుతుంది.

అక్వేరియంలలో రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. 1998లో అమెరికాలో కొందరు పరిశోధకులు మంచినీటి అక్వేరియంలను పరీక్షించి, అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే జాతి అని చూపించారు. 2015లో ఇంకో సంగతి బయటపడింది. ఈ నైట్రోస్పైరాల్లోనే కొన్ని రెండు పనులూ ఒంటి చేత్తో చేయగలవట. అలాంటివి దొరికిన చోట్లలో ఒకటి చేపల్ని పెంచే నీళ్లను శుభ్రం చేసే ఫిల్టరే. ఇన్నాళ్లూ ఫిల్టర్లలో ఉండి పనిచేస్తున్నవాటి పేరు కూడా మనకి సరిగా తెలియదన్నమాట. (ఇక్కడి నుంచి మీలో కొందరి మనసు విత్తువాని ఉపమానం వైపు పరుగెత్తుతుందని తెలుసు. ఇవాళ్టికి ఆపండి. ఇది నిజం తొట్టి, నిజం అమోనియా.)

ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్లి అమ్మమ్మకి ఇదంతా చెప్పబోయాము. సగంలోనే ఆవిడ అందుకుంది. "అంటే తోడు లేని పాలు అన్నమాట అయ్యగారూ. కొత్త గిన్నెలో పాలు పోసి పొద్దున్నే పెరుగేదంటే ఎక్కణ్నుంచి వస్తుంది?" మేము పావుగంట నుంచి చెబుతున్నదాన్ని ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. ఆ మాట మాకు ఎంతో నచ్చింది. పెరుగయితే రాత్రికి తోడుకుంటుంది. ఇది తోడుకోవడానికి నెల పైన.

పిల్లవాడితో మా ఒప్పందం ఇదీ: తొట్టి మళ్లీ పెడదాం. చేపల్ని ఇప్పుడు కొనొద్దు. ముందు బ్యాక్టీరియాని పెంచుదాం. అవి పెరిగాయని కాగితం మీద అంకె కనబడిన రోజున చేపలు. వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "చేపల్లేకుండా వాటికి తిండి ఎలాగ?" మంచి ప్రశ్న. కొందరు ఒకటీ రెండూ మొండి చేపల్ని వేసి, అవి కష్టపడుతుంటే తొట్టిని సిద్ధం చేస్తారు. అవి బతికితే బతుకుతాయి, చస్తే చస్తాయి. మాకు ఆ పద్ధతి ఇష్టం లేదు. ఆ ఇంట్లో ఇంకో చేప చావకూడదు, అది మొదటి షరతు. అందుకని చేపకి బదులు అమోనియాని మనమే కొలిచి పోయాలి.

అమోనియం క్లోరైడ్ అంటే మనవాళ్లు నవసారం అనేదే. ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టేవాళ్ల దగ్గర చూసి ఉంటారు. నాటుసారా కాచేవాళ్ల దగ్గరా దొరుకుతుంది గనక, పాస్టరుగారు బజారులో నవసారం అడిగితే ఊరంతా ఏమనుకుంటుందో అని ఆ దారి మానుకున్నాము. పైగా బజారు సరుకులో ఏం కలిసుంటుందో తెలియదు. హైస్కూలు సైన్సు మాస్టారు శుద్ధమైనది ఇప్పించారు. లెక్క కూడా ఆయనే కట్టారు. తొట్టి రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పట్టే నీళ్లు సుమారు 50 లీటర్లు. లీటరుకి 2 మిల్లీగ్రాముల అమోనియా కావాలంటే మొత్తానికి 0.3 గ్రాముల ఉప్పు. అంత చిన్న తూకం ఇంట్లో కుదరదు. అందుకని 30 గ్రాములు ఒక లీటరు సీసాలో కరిగించి పెట్టారు. అందులోంచి 10 మిల్లీలీటర్లు, అంటే పిల్లల మందు మూతతో ఒక మూత, ఒక మోతాదు. సీసా మీద "తాగరాదు" అని ఎర్ర అక్షరాలతో రాసి అటక మీద పెట్టాము. ఇది దొరకనివాళ్లు చిటికెడు చేపల మేత రోజూ వేసి కుళ్లనిచ్చినా అవుతుంది కానీ, ఎంత అమోనియా వచ్చిందో అంచనా దొరకదు, వాసన కూడా.

నీళ్ల సంగతి. మా వైపు బోరు నీళ్లు ఉప్పన, పనికిరావు. పంచాయతీ కుళాయి నీళ్లలో బ్లీచింగ్ కలుపుతారు. ఆ క్లోరిన్ మనల్ని రోగాల నుంచి కాపాడేది సూక్ష్మజీవుల్ని చంపే కదా, తొట్టిలోవాటిని మాత్రం ఎందుకు వదులుతుంది? పెద్ద బేసిన్లలో పట్టి, గాలి మోటారు గొట్టం వేసి ఒక రోజు అలా వదిలేసి పోశాము. ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఈదుతూ ఉండేది తక్కువ. రాళ్లకీ గాజుకీ, అన్నిటికంటే ఎక్కువగా ఫిల్టరు స్పాంజికీ అంటుకుని పొరలా బతుకుతాయి. గాలి బాగా ఆడాలి, వెచ్చగా ఉండాలి. మన వాతావరణం వాటికి బాగా సరిపోతుంది, హీటరు కొనక్కర్లేదు. వెలుతురు మాత్రం అక్కర్లేదు. లైటు వేస్తే పెరిగేది పాకుడు. అందుకని తొట్టి మీద పాత దుప్పటి కప్పాము.

వీధిలో నవ్వులకి కొదవ లేదు. దుప్పటి కప్పిన తొట్టి, లోపల బుడబుడమని మోటారు, చేప ఒక్కటీ లేదు. "నీళ్లు పెంచుతున్నారా?" అని అడిగారు. "చేపల్లేని తొట్టికి కరెంటు బిల్లు కూడానా?" అన్నారు. అమ్మమ్మ అందరికీ ఒకే జవాబు చెప్పింది: "తోడు పెట్టాను."

పిల్లవాడికి పరీక్ష చేసే చుక్కల మందు కిట్ తెప్పించాము. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి చుక్కలు వేస్తే, అమోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్‌కి వేరే సీసా, లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. వాడొక రూళ్ల పుస్తకంలో తేదీ వేసి, రెండు గళ్లు గీసి, ఏ రంగు వస్తే ఆ స్కెచ్ పెన్నుతో నింపడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఆకుపచ్చ, నీలం. నాలుగో రోజు అంతే. ఎనిమిదో రోజు అంతే. పదకొండో రోజు అంతే. పన్నెండో రోజున పుస్తకం తేలేదు. అడిగితే, "రోజూ ఒకటే రంగు కదా అయ్యగారూ" అన్నాడు.

రొయ్యల రైతు సాయం చేద్దామని చెరువులో వేసే ప్రోబయోటిక్ పొడి ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. అలాంటి పొడుల్లో సాధారణంగా ఉండేవి బాసిల్లస్ జాతివి. అవి అడుగు మడ్డిని కుళ్లబెట్టి తినేస్తాయి, చెరువుకి మంచివే. మనకి కావలసినవి అవి కాదు. అమోనియా తినేవి విత్తనంలా ఎండి నిద్రపోయే రకం కాదు గనక ఎండు పొడిలో ఎక్కువ కాలం బతకవు. కొత్త తొట్టి కొన్నవాళ్లకి ఇలాంటి పొడి అంటగట్టి "ఇది వేస్తే రేపే చేపలు వేసుకోవచ్చు" అనేవాళ్లున్నారు. నమ్మకండి. ఆయన మనసు నొచ్చుకోకుండా ప్యాకెట్ తిరిగి ఇచ్చేశాము.

నిజమైన తోడు ఎక్కడుంటుంది? ఏళ్ల తరబడి చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టిలో ఉంటుంది. మా చుట్టుపక్కల అలాంటి తొట్టి ఎవరింట్లో ఉంది? ఆలోచించగా ఒక పళ్ల డాక్టరుగారి ఆసుపత్రి గుర్తొచ్చింది. పంటి నొప్పితో కూర్చున్నవాళ్లు చూడటానికి అక్కడ పెద్ద తొట్టి ఉంటుంది. మా పన్ను పీకించుకున్నప్పుడు గంటసేపు దాన్నే చూశాము. పిల్లవాడిని వెంటబెట్టుకుని వెళ్లి, "డాక్టరుగారూ, మీ ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క కావాలి" అని అడిగాము. ఆయన ఒక క్షణం మా మొహాలు చూశారు. తరవాత కారణం విని, కత్తెర తెప్పించి, తానే కోసి ఇచ్చారు. గోధుమ రంగు మడ్డి పట్టిన, నాలుగు వేళ్లంత ముక్క. ఆ మడ్డే బంగారం. ఎండిపోకుండా వాళ్ల తొట్టి నీళ్లలోనే వేసి, స్టీలు క్యారేజీ గిన్నెలో, మూత వదులుగా పెట్టి తెచ్చాము. బస్సులో గంటసేపు ఆ గిన్నె వాడి ఒళ్లోనే ఉంది. కండక్టరు అడిగితే "తోడు" అని చెప్పాడు వాడు కూడా. ఒక హెచ్చరిక: తొట్టిలో జబ్బు చేపలుంటే ఆ స్పాంజితో జబ్బు కూడా వస్తుంది. తొట్టిని కాసేపు నిలబడి చూసి మరీ అడగండి.

అది పద్నాలుగో రోజు. పదిహేడో రోజున నీలం గడి మొదటిసారి ఊదా అయింది. పిల్లవాడు ఏడుపు మొహంతో వచ్చాడు, చెడిపోయిందనుకుని. కాదు, అమోనియాని ఎవరో తింటున్నారు, వాళ్లు వదిలినది కనబడుతోంది, అని చెప్పాము. ఆ "ఎవరో" అన్న మాటకి వాడి కళ్లు పెద్దవయ్యాయి. "అయితే ఉన్నాయా లోపల?" అని దుప్పటి ఎత్తి చాలాసేపు చూశాడు. చూస్తే ఏం కనబడుతుంది? నీళ్లు, రాళ్లు, బుడగలు.

ఇరవై నాలుగో రోజుకి ఒక మూత వేస్తే తెల్లారేసరికి అమోనియా పసుపుకి వచ్చేస్తోంది. నైట్రైట్ మాత్రం చార్టులోని ఆఖరి ఊదా కంటే ముదురు. రెండో రకం ఎప్పుడూ వెనకబడే వస్తుంది. చాలామంది విసిగి వదిలేసేది ఇక్కడే. లేదా అమోనియా పోయింది కదా అని చేపల్ని వేసి పోగొట్టుకునేదీ ఇక్కడే. మేము నాలుగు రోజులు మోతాదు ఆపి, సగం నీళ్లు మార్చాము. నీళ్లు మారిస్తే పెంచినవి పోతాయేమోనని వాడు భయపడ్డాడు. అవి స్పాంజిని పట్టుకుని ఉంటాయి, పోవు. ఇంకో సంగతి. ఈ పని జరిగే కొద్దీ నీళ్లలో క్షారత ఖర్చవుతూ పీహెచ్ పడిపోతుంది. 6 దరిదాపులకి వస్తే అవి పని దాదాపు ఆపేస్తాయి. అలా పడితే కొంచెం వంట సోడా సరిపోతుంది. మా నీళ్లకి ఆ అవసరం రాలేదు.

ముప్పై మూడో రోజు రాత్రి ఊదా. ముప్పై నాలుగో రోజు పొద్దున్న నీలం. రాత్రికి రాత్రి అలా మారడం మామూలే అంటారు కానీ, అన్ని రోజుల ఊదా గళ్ల తరవాత ఆ నీలం గడి చూస్తే మా ఇద్దరికీ కూడా మాట రాలేదు. పిల్లవాడు బడికి వెళుతూ దారిలో ఆగి ఆ పుస్తకం మా గుమ్మం మీద పెట్టి పరుగెత్తాడు.

ఆఖరి పరీక్ష రెండుసార్లు చేశాము. ఒక మూత పోయాలి, 24 గంటల తరవాత అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. వచ్చాయి. మర్నాడు మళ్లీ పోశాము, మళ్లీ వచ్చాయి. అయినా వాడు ఒక సీసా పట్టుకుని ల్యాబు వరసలో నిలబడతానన్నాడు. నిలబడ్డాడు. ఈసారి కాగితం మీద అమోనియా దగ్గర 0 అని ఉంది. పాత కాగితం, కొత్త కాగితం రెండూ కలిపి పుస్తకంలో అంటించుకున్నాడు. వీధిలో అన్న మాట సంగతి వాడు మళ్లీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఆ రెండు కాగితాల మధ్య ఉన్న తేడా వాడికి చదవడం వచ్చు.

పేరుకున్న నైట్రేట్ పోవడానికి ముప్పావు వంతు నీళ్లు మార్చి, ముప్పై ఎనిమిదో రోజున, శనివారం, చేపల్ని తెచ్చాము. గోల్డ్‌ఫిష్‌లు కావాలని వాడు గట్టిగానే అడిగాడు. వద్దని మేమూ గట్టిగానే చెప్పాము. అవి పెద్దగా పెరిగే చేపలు, ఎక్కువ మురికి చేసేవి, 50 లీటర్లలో పది కాదు, రెండు కూడా ఎక్కువే. చివరికి ఆరు గప్పీలకి ఒప్పుకున్నాడు. కవరుని అలాగే తొట్టి నీళ్లలో ఇరవై నిమిషాలు తేలేసి, వేడి సమానమయ్యాక వదిలాము. దుప్పటి తీసి మడత పెట్టింది అమ్మమ్మ. కువైట్ నుంచి తండ్రి వీడియోలో చూస్తున్నాడు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పిల్లవాడు మాత్రం చేపల్ని కాక మూలనున్న స్పాంజిని తండ్రికి చూపించి, "ఇదిగో నాన్నా, ఇవీ" అన్నాడు.

తరవాతి జాగ్రత్తలు పెద్ద ఏమీ లేవు. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే. వారానికోసారి పావు వంతు నీళ్లు, క్లోరిన్ పోయినవి. స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగొద్దు. మురికి పట్టినప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయాలి. తెల్లగా మెరవక్కర్లేదు. మనీప్లాంటు కొమ్మ ఒకటి వేళ్లు నీళ్లలో ఉండేలా తొట్టి అంచుకి తగిలించుకుంటే నైట్రేట్ కొంత తగ్గుతుంది. చేపల్ని ఇంకా పెంచాలనుకుంటే ఒకటీ రెండూగా, మధ్యలో వారం పది రోజులు ఆగి. ఆరు చేపలకి సరిపడా పెరిగిన బ్యాక్టీరియా ఒక్కసారిగా ఇరవైకి చాలదు. గప్పీలు మాత్రం మనల్ని అడక్కుండానే పెరుగుతాయి. ఆ తొట్టిలో ఇప్పటికి రెండు ఈతలయ్యాయి. పిల్లలు ఎక్కువై మా ఇంటికీ కొన్ని వచ్చాయి. మా తొట్టికి తోడు కూడా వాడి స్పాంజిలోంచే కోసిచ్చాడు. వీధిలో ఇంకో ఇంటివారు అడిగితే వాళ్లకీ ఒక ముక్క ఇచ్చాడు, నవసారం సీసా మా దగ్గర ఉందని చెప్పి మరీ. ఆ మాట అన్నావిడ ఇల్లే అది. ఆవిడ మనవరాలికి చేపలంటే ఇష్టమట.

ఇప్పుడు ఎండలు ముదిరాయి, కరెంటు కోతలు వస్తాయి. గాలి ఆగితే చేపలకే కాదు, స్పాంజిలో ఉన్నవాటికీ ఊపిరాడదు.  ఆ ఇంట్లో ఇన్వర్టరు లేదు. కోత వచ్చినప్పుడు పిల్లవాడు స్టూలెక్కి, చెంబుతో తొట్టి నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తుంటాడు, పది నిమిషాలకోసారి. మొన్న రాత్రి రెండు గంటలు కరెంటు లేదు. వాడు నిద్రపోతే అమ్మమ్మ పోసిందట.